ఆలస్యం... అమృతం

"ఆలస్యం అమృతం విషం" అని మా అమ్మ రోజుకు పదిసార్లైనా అనేది. స్నానానికి బద్ధకించినా అదే మాట, పొయ్యి మీద పాలు పెట్టి కబుర్లలో పడ్డా అదే మాట. ఆలస్యం చేస్తే అమృతం కూడా విషమైపోతుందని దాని భావం. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. ఆ సామెతలో సగమే నిజమని సరిగ్గా ఆవిడ తద్దినం నాడే నాకు తెలిసివచ్చింది. అదీ ఎక్కడ? ఢిల్లీ విమానాశ్రయంలో, ఇనప కుర్చీ మీద, శాలువా కప్పుకుని కూర్చున్నప్పుడు.

అమ్మ తిథి పుష్య బహుళ పంచమి. తద్దినం హైదరాబాదులో మా అన్నయ్య ఇంట్లో పెడతారు. నేను ఢిల్లీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. "ఒక రోజు ముందే వచ్చెయ్యవే, చలికాలం, విమానాలు నమ్మలేం" అని అన్నయ్య ఫోన్లో చెప్తూనే ఉన్నాడు. కానీ ముందు రోజు మనవరాలికి స్కూల్లో బొమ్మల పోటీలో బహుమతి ఇస్తున్నారు. "అమ్మమ్మా, నువ్వు లేకపోతే నేను స్టేజీ ఎక్కను" అని అది మొరాయించింది. లెక్క వేసుకున్నాను. పొద్దున ఏడింటికి విమానం, తొమ్మిదింబావుకి హైదరాబాదు, పదకొండు కల్లా ఇల్లు. భోక్తలు వచ్చేది పన్నెండు దాటాక. లెక్క చక్కగా సరిపోయింది, కాగితం మీద.

తెల్లవారుజామున నాలుగింటికి ఇల్లు కదిలాం. కారు ముందున్న దీపాలు రెండు బారల దూరం వెలుగు చూపించి అక్కడే ఆగిపోయాయి. లోకానికంతా ఎవరో తడిపిన పంచె కప్పినట్టుంది. డ్రైవరు కిటికీ దించి తల బయట పెట్టి, రోడ్డు మీది తెల్లగీత చూసుకుంటూ నడిపాడు. విమానాశ్రయంలోకి అడుగు పెట్టేసరికి సంత. పసిపిల్లల ఏడుపులు, నేల మీద దుప్పట్లు, టీ కోసం బారులు. బోర్డు మీద మా విమానం ఎదురుగా ఏడు పోయి ఎనిమిదిన్నర వచ్చింది. ఎనిమిదిన్నర పోయి పది. పది పోయాక అంకెలే లేవు, 'ఆలస్యం' అన్న మాట ఒక్కటే మిగిలింది.

కౌంటరు దగ్గర మా అమ్మాయికంటే చిన్నపిల్ల ఒకతె నిలబడి ఉంది. చుట్టూ పాతికమంది, అందరిదీ ఒకటే అరుపు. ఒక పెద్దమనిషి గట్టిగా అడిగాడు: "అదిగో, విమానాలు దిగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది కదా! దిగేవాళ్ళకి లేని మంచు ఎగిరేవాళ్ళకి మాత్రమే వచ్చిందా?" ప్రశ్న న్యాయంగానే తోచింది. నేనూ ముందుకు తోసుకు వెళ్ళి, నాకొచ్చిన హిందీలో, "మా అమ్మ తద్దినం అమ్మాయ్! మీ మంచు కోసం తిథి ఆగదు, నీకేం తెలుస్తుంది" అనేశాను. ఆ పిల్ల నా మొహంకేసి చూసి, "ఆంటీజీ, రాత్రి పదింటికి డ్యూటీకి వచ్చాను, ఇంకా ఇంటికి వెళ్ళలేదు. మీరు కూర్చోండి. కబురు రాగానే నేనే వచ్చి చెప్తాను" అంది. నాకు సిగ్గేసింది. వచ్చి కూర్చున్నాను గాని ఆ పెద్దమనిషి ప్రశ్న మాత్రం బుర్రలోంచి పోలేదు.

ఇంటికి ఎప్పుడు చేరానో చివర చెప్తాను. తర్వాత కొన్నాళ్ళపాటు ఆ ప్రశ్నకి జవాబు కోసం పుస్తకాలు తిరగేశాను. దొరికిన సంగతులు మీతో పంచుకోవాలనిపించింది. ఎందుకంటే డిసెంబరు, జనవరి వచ్చాయంటే మనలో ఎవరో ఒకరం ఏదో ఒక విమానాశ్రయంలో ఇలా కూర్చోవలసిందే కదా!

ముందు ఆ మంచు సంగతి. కిలోమీటరు దూరంలో ఉన్నది కూడా కనపడకపోతే దాన్ని పొగమంచు అంటారు వాతావరణం వాళ్ళు. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపునుంచి వచ్చే గాలులు ఉత్తరాదిన నాలుగు చినుకులు రాల్చి పోతాయి. ఆపైన ఆకాశం నిర్మలమవుతుంది. దుప్పటి లాంటి మబ్బు లేదు కనక పగలంతా నేల దాచుకున్న వేడి రాత్రికి పైకి పోతుంది. నేల చల్లబడుతుంది, దాన్నంటుకున్న గాలీ చల్లబడుతుంది. గోధుమ చేలకు పెట్టిన నీళ్ళ తడి ఉండనే ఉంది. ఆ తడి ఆవిరి గాలిలోని దుమ్ము, పొగ రేణువుల చుట్టూ చిన్న చిన్న బిందువులై నిలిచిపోతుంది. గాలి కదలదు, మంచూ కదలదు. పంజాబు నుంచి బీహారు దాకా గంగా మైదానమంతా అదే దుప్పటి. పొద్దెక్కి నేల వేడెక్కితేగాని అది లేవదు. ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుతుందో ముందుగా చెప్పడం కష్టమనే, 2015-16 చలికాలం నుంచి మన శాస్త్రజ్ఞులు ఢిల్లీ విమానాశ్రయంలోనే పరికరాలు పాతి ఈ మంచును గమనిస్తున్నారు.

అసలు విమానాలు పుట్టిన కొత్తలో ఈ గొడవంతా లేదు. కళ్ళకి కనపడితే ఎగరడం, లేకపోతే మానడం. మన దేశంలో 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి ఉత్తరాల సంచులతో ఒంటరిగా బొంబాయికి ఎగిరి వచ్చారు. దారిలో అహమ్మదాబాదులో దిగితే పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చాయట. బొంబాయి నుంచి ఆ ఉత్తరాలను ఆయన స్నేహితుడు నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. ఆ చిన్న విమానంలో రేడియో లేదు, దారి చెప్పేవాళ్ళు లేరు. రైలుపట్టాలు, నదులు, కొండలు చూసుకుంటూ పోవడమే. వానాకాలంలో బొంబాయి జుహూ మైదానం నీటిలో మునిగిపోతే పూనా నుంచి నడిపేవారు. అయినా మొదటి సంవత్సరం వేళ తప్పకుండా నడిపారని ప్రభుత్వం మెచ్చుకుంది. వేళకు నడపడం మన విమానాలకు పుట్టుకతో వచ్చిన గుణమే అన్నమాట. మధ్యలో ఏమైందని అడక్కండి!

కళ్ళు మూసుకుని ఎగరగలమా అని మొదట తేల్చినవాడు అమెరికాలో జిమ్మీ డూలిటిల్. 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు దగ్గర ఒక మైదానంలో, తాను కూర్చున్న చోటును గుడ్డ కప్పుతో మూయించుకుని, ఎదుట ఉన్న ముళ్ళనూ అంకెలనూ మాత్రమే చూస్తూ విమానాన్ని లేపాడు. పావుగంట తిప్పి, తిరిగి అక్కడే దింపాడు. అవసరమైతే పట్టుకోవడానికి ఇంకో పైలటు ముందు సీటులో ఉన్నాడు గాని అతను చెయ్యి వెయ్యవలసిన పని పడలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు దాటాక, 1938 జనవరి 26న, వాషింగ్టన్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుల విమానం మంచు కురుస్తుండగా పిట్స్‌బర్గ్‌లో రేడియో కిరణాల ఆధారంతో దిగింది. కంటికి కనపడని ఒక తాడు రన్‌వే మీంచి ఆకాశంలోకి కట్టినట్టూ, దాన్ని పట్టుకుని విమానం జారుతూ వచ్చినట్టూ ఊహించుకోండి. ఈనాటికీ మంచులో దిగే విమానాలకు ఆ తాడే ఆధారం.

ఆలస్యాల చరిత్రలో ఆడవాళ్ళకు నచ్చే ఘట్టం ఒకటుంది. అది వంటింటిది. 1939లో అమెరికాకూ ఐరోపాకూ మధ్య ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. అవి నీళ్ళమీద దిగే విమానాలు. ఐర్లండులో షానన్ నది ఒడ్డున ఫోయిన్స్ అనే చిన్న ఊరు వాటికి మజిలీ. చలికాలం వస్తే ఎదురుగాలి, రెక్కలమీద పేరుకునే మంచు, తుఫాన్లు. దక్షిణపు దారిన అజోర్స్ దీవుల మీదుగా వెళ్ళేవాళ్ళకు సముద్రపు అలలే శత్రువులు. అలలు ఎత్తుగా లేచాయంటే రోజుల తరబడి దీవిలో కూర్చోవలసిందే.

1943 చలికాలంలో ఒక రాత్రి ఫోయిన్స్ నుంచి బయల్దేరిన విమానం కొన్ని గంటలు ఎగిరి, వాతావరణం బాగోలేక వెనక్కి తిరిగి వచ్చేసిందట. ప్రయాణికులు గజగజ వణుకుతూ ఒడ్డుకు చేరారు. అక్కడి వంటాయన జో షెరిడన్ వాళ్ళను చూసి జాలిపడి, వేడి కాఫీలో పంచదార వేసి, కాస్త విస్కీ కలిపి, పైన మీగడ తేల్చి ఇచ్చాడు. "ఇది బ్రెజిల్ కాఫీయా?" అని ఒకరడిగితే, "కాదు, ఐరిష్ కాఫీ" అన్నాడట. ఈనాడు లోకమంతా పెద్ద పెద్ద హోటళ్ళలో అమ్మే ఐరిష్ కాఫీ అలా పుట్టిందని అక్కడివాళ్ళు మురిసిపోతూ చెప్పుకుంటారు. విస్కీ సంగతి మనకొద్దు గాని, వేళగాని వేళ వెనక్కి తిరిగొచ్చిన మనిషికి "ఎందుకొచ్చారు?" అనకుండా వేడిగా ఒక గ్లాసు చేతికివ్వడం మన వంటిళ్ళకు తెలియని విద్యా?

మనకూ ఒక అర్ధరాత్రి మజిలీ ఉండేది. 1949లో మొదలైన రాత్రి తపాలా విమానాలు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి ఒక్కొక్కటి బయల్దేరి నడిరాత్రి నాగపూరులో కలుసుకునేవి. సంచులు మార్చుకుని ఎవరి ఊరికి వాళ్ళు తిరిగి వెళ్ళేవి. ఢిల్లీలో సాయంత్రం డబ్బాలో వేసిన ఉత్తరం మర్నాటికి మద్రాసు చేరిందంటే ఆ నాలుగు విమానాల చలవే. నాలుగు ఒకచోట కలవాలంటే ఒకటి ఆలస్యమైతే మిగిలిన మూడూ చూస్తూ కూర్చోవాలి. ఆలస్యం అంటువ్యాధి లాంటిది. ఆ సంగతి మళ్ళీ చెప్తాను.

యుద్ధకాలంలో మంచుతో మనిషి నేరుగా పోట్లాటకే దిగాడు. ఇంగ్లండులో బాంబు విమానాలు రాత్రి తిరిగి వచ్చేసరికి నేలంతా మంచు. దిగడానికి చోటు కనపడక కుర్రవాళ్ళు కూలిపోతున్నారు. అప్పుడు చర్చిల్ ప్రభుత్వం ఒక పని చేసింది. రన్‌వేకి రెండు పక్కలా బారుగా గొట్టాలు పరిచి వాటిలో పెట్రోలు పోసి మండించింది! ఆ మంటల వేడికి రన్‌వే మీద మంచు విచ్చుకునేది. 1943 నవంబరు నుంచి పదిహేను మైదానాల్లో ఈ ఏర్పాటు పనిచేసింది. గంటకు వేల గ్యాలన్ల పెట్రోలు బూడిద. కానీ సుమారు 2,500 విమానాలు ఆ మంటల వెలుగులో దిగాయి, పదివేలమంది కుర్రవాళ్ళు తల్లుల దగ్గరకు వెళ్ళారు. శాంతికాలంలో ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? యుద్ధంతోపాటు ఆ మంటలూ ఆరిపోయాయి.

ఇంతవరకూ సరదాగా చెప్పుకొచ్చాను. ఇక చెప్పేది సరదా కాదు. ఆలస్యానికి ఓర్చుకోలేకపోతే ఏమవుతుందో చెప్పే కథలివి.

1958 ఫిబ్రవరి 6. మాంచెస్టర్ యునైటెడ్ అనే ఫుట్‌బాల్ జట్టు బెల్‌గ్రేడులో ఆట ఆడి ఇంగ్లండు తిరిగి వెళ్తోంది. పెట్రోలు కోసం జర్మనీలో మ్యూనిక్‌లో ఆగారు. మంచు పడుతోంది. విమానం రెండుసార్లు పరుగు అందుకుని, ఇంజను చప్పుడు తేడాగా ఉందని రెండుసార్లూ ఆగిపోయింది. అందరూ దిగి లోపలికి వచ్చి కూర్చున్నారు. ఇక ఇవాళ్టికి ప్రయాణం లేదనుకున్నారు. డంకన్ ఎడ్వర్డ్స్ అని ఇరవయ్యొక్క ఏళ్ళ ఆటగాడు, మాంచెస్టర్‌లో తను అద్దెకుంటున్న ఇంటావిడకు తంతి ఇచ్చాడు. విమానాలన్నీ రద్దయ్యాయి, రేపు బయల్దేరుతున్నాను అని. కానీ కాసేపటికే మళ్ళీ ఎక్కమన్నారు. రాత్రికి అక్కడే ఉండిపోదామా అన్న మాట వచ్చింది గాని, వేళ మించిపోతోందని మూడోసారి ప్రయత్నించారు. రన్‌వే చివర కరిగీ కరగని మంచుబురద. చక్రాలు అందులో పడేసరికి వేగం చచ్చిపోయింది. విమానం లేవలేదు. కంచె దాటి ఒక ఇంటికి కొట్టుకుంది. నలభైనలుగురిలో ఇరవైముగ్గురు పోయారు, అందులో ఎనిమిదిమంది ఆటగాళ్ళు. డంకన్ ఆసుపత్రిలో పదిహేను రోజులు పోరాడి పోయాడు.

ఆ తంతి ఆ సాయంత్రం ఇంటావిడకు చేరింది. అప్పటికే విమానం కూలిపోయింది. నేను చదివిన వాటన్నిటిలో నన్ను నిద్రపోనివ్వనిది ఆ కాగితం ముక్కే. 'రేపు వస్తాను' అన్న ఆలస్యపు కబురు నిజమై ఉంటే ఎంత బావుండేది! ఆ ఆలస్యం అమృతమే కదా.

ఇరవైనాలుగేళ్ళ తర్వాత, 1982 జనవరి 13న, వాషింగ్టన్‌లో అలాంటిదే మళ్ళీ జరిగింది. మంచు కురుస్తోందని మధ్యాహ్నం విమానాశ్రయం కాసేపు మూసి, తిరిగి తెరిచారు. ఫ్లోరిడా వెళ్ళవలసిన విమానం అప్పటికే రెండు గంటలకు దగ్గరగా ఆలస్యమైంది. రెక్కలమీద మంచు కరగడానికి మందు చల్లారు గాని, చల్లినాక కూడా ముప్పావుగంటకు పైగా వరసలో నిలబడవలసి వచ్చింది. ఆలోగా మళ్ళీ మంచు పేరుకుంది. తిరిగి వెళ్ళి మళ్ళీ చల్లించుకోవాలంటే వరసలో చోటు పోతుంది. పరుగు అందుకున్నాక చిన్న పైలటు, ముళ్ళు చూపించేది సరిగా లేదని ఒకటికి రెండుసార్లు అన్నాడు. పెద్దాయన వినిపించుకోలేదు. విమానం లేచినట్టే లేచి, వంతెనను ఢీకొని గడ్డకట్టిన పోటోమాక్ నదిలో పడింది. వంతెన మీది నలుగురితో కలిపి డెబ్భైఎనిమిదిమంది పోయారు. అయిదుగురే దక్కారు. నీళ్ళలో తేలుతూ, హెలికాప్టరు వదిలిన తాడును ప్రతిసారీ పక్కవాళ్ళకి అందించి, చివరకు తాను మునిగిపోయిన ఆర్లండ్ విలియమ్స్ అనే ప్రయాణికుడి పేరు ఆ వంతెనకు పెట్టారు.

అమెరికాలో పిల్లల దగ్గరకు చలికాలంలో వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. ఎగరబోయే ముందు విమానం రెక్కలమీద నారింజరంగు నీళ్ళూ, ఆకుపచ్చ నీళ్ళూ చిమ్ముతారు. ఆ మందు ఎన్ని నిమిషాలు పనిచేస్తుందో లెక్క ఉంటుంది. ఆ నిమిషాలు దాటాయో, వరసలో ఎంత ముందున్నా వెనక్కి రావలసిందే. చిన్న పైలటు అనుమానపడితే పెద్ద పైలటు విని తీరాలన్న శిక్షణ కూడా ఇలాంటి ప్రమాదాల తర్వాతే గట్టిపడింది. అప్పుడు మనం కిటికీలోంచి చూస్తూ "మళ్ళీ ఎందుకు చల్లుతున్నారు బాబూ" అని విసుక్కుంటాం. ఆ విసుగు వెనక డెబ్భైఎనిమిది ప్రాణాలున్నాయని మనకెవరూ చెప్పరు.

ఇక ఆ పెద్దమనిషి ప్రశ్న. దిగే విమానం దిగుతుంటే, ఎగిరే విమానం ఎందుకెగరదు?

1965 జూన్ 10న పారిస్ నుంచి లండన్ వచ్చిన ట్రైడెంట్ అనే విమానం, ప్రయాణికులతో సహా, నేలను తాకే చివరి ఘట్టంలో యంత్రం సాయంతోనే దిగింది. అప్పట్నుంచి ఈ విద్య పెరుగుతూ వచ్చింది. ఇవాళ ఢిల్లీలో ఉన్న ఏర్పాట్లతో, తర్ఫీదు పొందిన పైలట్లు, తగిన విమానం ఉంటే, రన్‌వే మీద యాభై మీటర్లే కనపడుతున్నా దిగవచ్చు. యాభై మీటర్లంటే మన వీధిలో నాలుగైదు ఇళ్ళ దూరం! ఆ కనపడని తాడు పట్టుకుని యంత్రమే దింపుతుంది. కానీ ఎగరడానికి అలాంటి యంత్రం మన ప్రయాణాలలో లేదు. పరుగుతీసే విమానాన్ని రన్‌వే నడిమి గీతమీద నిలిపేది పైలటు కళ్ళే. మధ్యలో ఇంజనుకు ఏమైనా అయితే ఆపాలా, లేపాలా అన్నది ఆ క్షణంలో చూసి తేల్చుకోవలసిందీ మనిషే. అందుకని ఎగరడానికి మామూలుగా నూటపాతిక మీటర్లైనా కనపడాలి. దిగేవాళ్ళకి యంత్రం కళ్ళు, ఎగిరేవాళ్ళకి మనిషి కళ్ళు. అంతే తేడా.

మనిషి కళ్ళను మంచు కప్పితే ఏమవుతుందో 1977 మార్చి 27న కానరీ దీవుల్లో తేలింది. గంటల తరబడి ఆగి ఆగి విసిగిపోయిన ఒక పెద్ద విమానం, మంచులో సరైన అనుమతి లేకుండానే పరుగు తీసింది. అదే రన్‌వే మీద ఎదురుగా ఇంకో పెద్ద విమానం ఉంది. ఒకరికొకరు కనపడేసరికి ఆలస్యమైపోయింది. 583 మంది. విమానాల చరిత్రలో అంతకంటే పెద్ద ప్రమాదం ఇంతవరకూ లేదు.

అందుకే మంచు రోజుల్లో విమానానికీ విమానానికీ మధ్య ఎడం పెంచుతారు. ఎడం పెరిగితే గంటకు దిగేవీ ఎగిరేవీ తగ్గుతాయి. నాగపూరు నాలుగు విమానాల సంగతి గుర్తుందా? పొద్దున ఢిల్లీలో చిక్కుకున్న విమానమే మధ్యాహ్నం విజయవాడ రావాలి, సాయంత్రం ఇంకో ఊరు పోవాలి. గన్నవరంలో చక్కటి ఎండ కాస్తుంటే, "వాతావరణం బాగోలేక ఆలస్యం" అని మైకులో చెప్తే మనం నవ్వుతాం. ఆ వాతావరణం మనది కాదు, వెయ్యిమైళ్ళ అవతలిది. గన్నవరంలోనూ, రాజమండ్రిలోనూ, శంషాబాదులోనూ చలికాలం పొద్దున్నే మంచు పడ్డ రోజులూ లేకపోలేదనుకోండి. పైన చక్కర్లు కొట్టి విమానం వేరే ఊరు పోవడం మనవాళ్ళకూ అనుభవమే.

దెబ్బతిని నేర్చుకున్న నాలుగు ముక్కలు చెప్తాను, చెల్లెలికి చెప్పినట్టు. డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాదినుంచి వచ్చేటప్పుడు తెల్లవారుజాము విమానం వద్దు. మంచు సాధారణంగా పొద్దెక్కాక విడుతుంది కనక మధ్యాహ్నపుది మేలు. ముహూర్తమో, తిథో, ఆపరేషనో ఉంటే మధ్యలో ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. మందులు పెట్టెలో పడేసి ఇవ్వకండి, చేతిసంచిలోనే ఉండాలి, అదీ ఒక రోజుకి ఎక్కువగా. శాలువా, పులిహోర పొట్లం, ఫోనుకి ఛార్జరు మరవద్దు. ఆలస్యం ఎక్కువైతే తినడానికి ఏం పెడతారో కౌంటరులో అడగండి, మన దేశపు నిబంధనలలో ఆ హక్కు ఉంది. ఆరు గంటలు మించే ఆలస్యమైతే వేరే విమానమో, టికెట్టు డబ్బు వాపసో అడగవచ్చు. మంచువల్ల జరిగిన ఆలస్యానికి నష్టపరిహారం మాత్రం రాదు. ఆ మంచును వాళ్ళు కురిపించలేదు కదా! అన్నిటికంటే ముఖ్యమైనది, కౌంటరులో పిల్లమీద అరవకండి. ఇది నాకు నేను చెప్పుకుంటున్న మాట.

ఆ పిల్ల మాట నిలబెట్టుకుంది. పన్నెండున్నరకి జనంలో నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఆంటీజీ, మీ విమానం పిలుస్తున్నారు, రండి" అని నా చేతిసంచి అందుకుంది. నాకు మాట రాలేదు. సంచిలో మిగిలిన పులిహోర పొట్లం దాని చేతిలో పెట్టాను. "ఇదేమిటి?" అని అడిగింది. "మా అమ్మ వంట" అన్నాను. చేసింది నేనే అనుకోండి, నేర్పింది అమ్మే కదా.

అన్నయ్య ఇల్లు చేరేసరికి సాయంత్రం అయిదైంది. భోక్తలు ఎప్పుడో వెళ్ళిపోయారు. వాకిట్లో తడి ఆరిపోయింది. గుమ్మంలోనే ఏడ్చేశాను. "ఏడవకు, కాళ్ళు కడుక్కో" అన్నాడు అన్నయ్య. వదిన వంటింట్లోకి తీసికెళ్ళింది. పీటముందు విస్తరి, దానిమీద బోర్లించిన ఇంకో విస్తరి. మూత తీస్తే గారెలు, పరమాన్నం, అరటికాయ కూర, అల్లం పచ్చడి.

"నాన్న కేంపులనుంచి వచ్చే రోజులు గుర్తున్నాయా?" అన్నాడు అన్నయ్య, పక్కన పీట వాల్చుకుంటూ. "వానాకాలం, ఏరు పొంగితే బస్సు అవతలి ఒడ్డునే ఆగిపోయేది. అమ్మ లాంతరు పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. అర్ధరాత్రి నాన్న వచ్చేవాడు. రోజుకు పదిసార్లు 'ఆలస్యం అమృతం విషం' అనే మనిషి, ఆ రాత్రి ఒక్కమాట అన్నదా? వచ్చారు కదా, కాళ్ళు కడుక్కోండి, అన్నం మూతపెట్టి ఉంచాను అనేది. అంతే."

నిజమే. అమ్మ ఆ సామెత పనులకోసం చెప్పేది, మనుషులకోసం కాదు. పొయ్యిమీది పాలకి ఆలస్యం విషం. ఏరు దాటవలసిన మనిషికి కాదు. ఏరు తగ్గేదాకా ఆగి ఆలస్యంగా వచ్చిన మనిషికి ఆవిడ ఇంట్లో ఎప్పుడూ అన్నం ఉండేది.

గారె చల్లారిపోయి గట్టిపడింది. అయినా అల్లం పచ్చడి నంచుకుని రెండు తిన్నాను.